చినిగిన వాక్యము, నాలుగు చింతపిక్కలు

పేరు సింహాచలమునకును ఉనికి గోపాలపట్నమునకును చెందిన మా రైల్వేస్టేషను వెలుపల, కిరండూలు గనుల ఇనుపరాతిని కొత్తవలస మీదుగా విశాఖ రేవునకు మోసికొనిపోవు గూడ్సుబండ్ల చప్పుడు నడుమ, తోపుడుబండిమీద వేరుశెనగకాయలు వేయించి యమ్మెడి ముసలమ్మ యొకతె కలదు. ఆమె కాయలు పోసి యిచ్చు పొట్లములు ఒకనాడు వారపత్రికల పుటలు, ఒకనాడు పదవ తరగతి పిల్లల జవాబు కాగితములు, మరియొకనాడు ఏ గుమాస్తా చేతివ్రాతయో తెలియని జమాఖర్చుల పట్టీలు. కాయలు తినుట నాకెంత యలవాటో, పొట్లమును విప్పి యందున్నది చదువుటయు నంత యలవాటు. చదువు నేర్చిన తెలుగువా డెవ్వడును ఈ వ్యసనమునకు అతీతుడు కాడని నా నమ్మకము. గడచిన వేసవిలో ఒక సాయంకాలము నాకు దక్కిన కాగితము ఏదో ధారావాహిక నవలనుండి చింపినది. దానిమీద మిగిలిన రెండు వాక్యములలో మొదటిదానికి తల లేదు, రెండవదానికి కాళ్ళు లేవు: “తాళంచెవి మాత్రం తిరిగి ఇవ్వలేదు. అప్పటికే సముద్రంలో దీపం రెండుసార్లు వెలిగి”. అంతటితో కాగితము సరి.

“ఏటి బాబూ, కాయలు సల్లారిపోతన్నాయి, కాయితం సదువుతున్నారు?” అని ముసలమ్మ నవ్వెను. కాయలు చల్లారినవి, నేను తింటిని కూడను. మనసు మాత్రము ఆ తాళముచెవిని పట్టుకొని వ్రేలాడుచునే యుండెను.

ఇంటికి వచ్చి చూతునుగదా, మా యరుగుమీద నా మనుమడును, వాని మిత్రు లిరువురును, ఎదురింటి యమ్మాయియు చుట్టు కూర్చుండి, ఆట మధ్యలో ముఖములు వ్రేలవేసికొని యుండిరి. వారాడునది ఆంగ్లమున రోల్ ప్లేయింగ్ గేమ్ అని పిలువబడు పాత్రధారణ క్రీడ. ఈ యాటకు బల్లయు పావులును తప్పనిసరి కావు. కావలసినది నలుగురు మనుష్యులును ఒక కథయు. అం దొకరు సూత్రధారులు. ఇంగ్లీషువారు పెట్టిన పేరు వేరైనను మన నాటకములలోని యీ మాటయే ఆ పనికి చక్కగా నొప్పును. తక్కినవారు పాత్రధారులు. “మీరొక పాడుబడిన దిగుడుబావి యంచున నిలిచియున్నారు, అడుగున నేదో మెదలుచున్నది” అని సూత్రధారి చెప్పగా, ఒకడు రాయి విసరెద ననును, ఒకడు త్రాడు దింపెద ననును, మూడవవాడు పారిపోయెద ననును. ఆ పని ఫలించినదో లేదో పాచిక తేల్చును. నాటకమునకు వ్రాతప్రతి ముందుగా నుండును. ఇం దట్టిది లేదు గనుక, ఆటగాండ్రే కవులు, ఆటగాండ్రే నటులు, ఆటగాండ్రే ప్రేక్షకులు.

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను నిరువు రమెరికనులు రచించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అను పెట్టెతో ఈ యాట లోకమున వ్యాపించినది. అంతకుముందు పాచిక యనగా సాధారణముగ ఆరు ముఖములదే యని జనులెరుగుదురు. వీరు నాలుగు, ఎనిమిది, పండ్రెండు, ఇరువది ముఖముల పాచికలను గూడ ఆటలోనికి దెచ్చిరి. ఆరు ముఖములదానితో గూడ ఇవి యైదును, ప్రాచీన గ్రీకులు పరిపూర్ణ ఘనరూపములని యెన్నిన యైదే యగుట గణితప్రియులకు ముచ్చట గొల్పు విషయము. 1979లో వెలువడిన సూత్రధారుల కైపుస్తకములో పట్టికలకు లెక్కలేదు. పాచిక వేసి వచ్చిన సంఖ్యకెదురుగా పట్టికలో జూచినచో, ఎడమవైపు మలుపు కలదో, గది కలదో, గదిలో నిధి కలదో, నిధికి కావలి యెవ్వరో తెలియును. సూత్రధారి లేకయే ఒంటరిగా నాడుకొనదలచినవానికి ఈ పట్టికలే సూత్రధారులు.

మా యరుగుమీదివారి బాధయు పట్టికలవలననే వచ్చినది. “తాతా, గుహలో ఏటుంటదో అందరికీ ముందే తెలిసిపోతోంది. ఇంక ఆడేదేటి?” అని మనుమడు నిట్టూర్చెను. ఇంటర్మీడియటు చదువుచున్న ఎదురింటి యమ్మాయి వారికి సూత్రధారిణి. మూడు వారములుగా నామె యెన్ని గుహలు త్రవ్వినను ప్రతి గుహలోను నిధియే, ప్రతి నిధికిని రాక్షసుడే కాపలా. నేను జేబులోని కాగితము తీసి ఆమె చేతికిచ్చి, “దీనితో నేమైన నగునేమో చూడవమ్మా” అంటిని. ఆమె చదివినది, మరల చదివినది, తల యెత్తి, “ఆ తాళంచెవి ఇవ్వనిది ఎవరో చెప్పకండి తాతగారూ” అన్నది. నాకు తెలిసినగదా చెప్పుటకు!

మరునాటినుండి పొట్లపు కాగితములు పోగుచేయుట మాయింట నొక యుద్యమమైనది. రెండవది జవాబు కాగితము: “కావున ఉప్పు నీటిలో కరుగును. కాని నూనె” అని యాగిపోయి, ప్రక్కన ఎఱ్ఱసిరాతో అరమార్కు. మూడవది పద్దుల ముక్క: “పాత తాడు 1, లాంతర్లు 2, బాకీ 340”. ఈ మూటిని ముందుంచుకొని యమ్మాయి గుహలన్నిటిని విడిచి, కథను డాల్ఫిన్స్ నోస్ కొండక్రిందికి, రేవుముఖమునకు తరలించెను. మనుమడు మరపడవవాడు, ఒకడు రేవులో క్రేను నడుపువాడు, మూడవవాడు బాకీలు వసూలుచేయు గుమాస్తా. లాంతర్లు రెండు, దీపము వెలిగినది రెండుసార్లు అన్న సంగతి గుమాస్తా వేషగానికి తట్టినప్పుడు అరుగుమీద లేచిన కేకకు ఎదురింటివారు బయటకు వచ్చి చూచిరి. మూడు కాగితములు మూడు వేర్వేరు చోట్లనుండి, మూడు వేర్వేరు దినములలో వచ్చినవని వారికందరికిని తెలియును. తెలిసియు, ఆ లాంతర్ల యజమానియే సముద్రములో దీపము వెలిగించినాడని నిర్ణయమైపోయినది. కరగని నూనె నీటిమీద తేలి మునిగిన యోడ జాడ చెప్పవలె ననుటయు నిర్ణయమైనది. మునిగిన యోడ యెక్కడిదని వారు తర్జనభర్జన పడుచుండగా, 1933లో విశాఖ రేవు తెరచునప్పటికే అలల తాకిడి నడ్డుటకై రేవుముఖమున రెండు పాత ఓడలను బుద్ధిపూర్వకముగా ముంచి కట్టగా చేసినారను నిజమైన చరిత్రను నేను చెప్పితిని. మరల రెండు! ఆ రాత్రి పదిగంటలవరకు ఎవ్వరును భోజనమునకు లేవలేదు.

ఈ తీరున తునుకనుండి కథ పుట్టించుట పడమటివారి కనుగొనుట కాదనుటకు మనకు కావలసినంత సాక్ష్యము కలదు. మధిర సుబ్బన్నదీక్షితులవారి ‘కాశీమజిలీ కథలు’ జ్ఞాపకము చేసికొనుడు. మణిసిద్ధుని వెంట కాశికి నడచు గోపడు ప్రతి మజిలీలోను ఏదో యొక వింతను చూచివచ్చి దాని కథ చెప్పుమని పట్టుబట్టును. చెప్పువరకు అడుగు ముందుకు సాగదు. వానికి దొరకునది కథ కాదు, కథలోని యొక చినిగిన తునుక మాత్రమే. పండ్రెండు సంపుటముల గ్రంథమంతయు ఈ గోపని తునుకలమీద నడచినది. (గోపాలపట్నము పేరులో ఈ గోపడు కూడ నున్నాడని నేను పిల్లలతో ననగా వారు నమ్మలేదు, నమ్మవలసిన పనియు లేదు.) మా చిన్ననాడు చీటీలమీద రాముడు, సీత మున్నగు పేర్లు వ్రాసి, మడిచి, కలిపి వేసి, రాముని చీటీ వచ్చినవాడు సీత యెవరో కనిపెట్టవలె నను ఆట యాడుచుంటిమి. వేషము చీటిలో వచ్చును, ముఖభావము మనము పెట్టుకొనవలెను. ‘చందమామ’ ఫోటో వ్యాఖ్యల పోటీలో సంబంధములేని రెండు బొమ్మలను జతపరచు మాటలకై కార్డులు వ్రాసినవారును ఈ విద్యలో ఓనమాలు దిద్దినవారే.

అయితే ఈ విద్యకు పట్టభద్రులు అవధానులు. దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారలు జంటగా సంస్థానములు తిరిగి శతావధానములు చేసి ఊరూర ఉత్సాహమును రేపిన కాలమునుండి ఇది తెలుగువారికి విద్వద్వినోదము మాత్రమే కాక ప్రజావినోదమైనది. అష్టావధానమున నెనమండుగురు పృచ్ఛకులు చుట్టును కూర్చుండి, ఒకరు సమస్య నిత్తురు, ఒకరు దత్తపది, ఒకరు అడుగడుగున అక్షరమును నిషేధింతురు, ఒకరు ఫలానిచోట ఫలాని యక్షరమే పడవలె నందురు. అవధాని ఒక్కొక్కరికి ఒక్కొక్క పాదము చొప్పున చెప్పుచు నాలుగు ఆవృత్తములు తిరిగి, తుదకు పద్యములన్నిటిని ఏకధారగా నప్పగించును. సమస్య యనగా నేమి? అసంభవముగనో అనుచితముగనో కనబడునట్లు కూర్చిన యొక పద్యపాదము. పొట్లపు కాగితమువలెనే తల తోక లేని తునుక. ఏనుగుల మంద దోమ గొంతులో దూరినదను నర్థము వచ్చు పాదమును తెనాలి రామకృష్ణుని కిచ్చినట్లును, ఆయన దానిని మహావీరులైన పాండవులు విరాటుని కొలువున తలదాచుకొనవలసివచ్చిన దుర్దశకు అన్వయించి పూరించినట్లును చెప్పెడి కథ అందరెరిగినదే. గమనింపుడు: ఏనుగులు నిజముగ దోమలో దూర లేదు, పాదములో నొక్క యక్షరమును మారలేదు. మారినది దాని చుట్టునున్న ప్రపంచము.

దత్తపది మరింత చిత్రము. నాలుగు పదము లిచ్చి, వానికి పొసగని వస్తువును చెప్పి, ఆ పదములు వచ్చునట్లు పద్యము చెప్పుమందురు. మా అరుగుమీది పిల్లలకు చూపుటకై, నేను కవిని కాకపోయినను, వచనములో నొక పరిహాసప్రయత్నము చేసితిని. వారిచ్చిన పదములు రైలు, లారీ, కారు, ఓడ. రేవుపట్నపు పిల్లలకు మరేమి తోచును? వస్తువు ద్రౌపదీస్వయంవరము. నేను చెప్పినది: “నృపులారీతి విల్లెత్తజాలక చిన్నవోయినవారై లుప్తధైర్యులై కూర్చుండిరి, వారు విలుకాండ్రు కారు, ఓడక నిలిచినవాడు విప్రవేషధారి యొక్కడే.” నృపులు, ఆ రీతి అను మాటల కలయికలో లారీ వచ్చినది, వారై, లుప్త అను రెండిటి నడుమ రైలు దూరిపోయినది, కారు ‘కాజాల’రను నర్థమిచ్చినది, ఓడ ‘ఓటమి యెరుగని’ యోడగా తేలినది. నిజమైన యవధాని దీనిని ఛందస్సులో, క్షణములో, మరి ఏడుగురు వేధించుచుండగా చేయును. నేను రెండు కాఫీలు త్రాగి చేసితిని. చూడవలసినది నా సామర్థ్యము కాదు. ఆ నాలుగు పదములు లేనియెడల ‘లుప్తధైర్యులై’ అను మాట నా నోట వచ్చియుండెడిదే కాదు. రైలు నన్ను బలవంతముగ అచ్చటికి గొనిపోయినది.

ఇక అప్రస్తుతప్రసంగి. పద్యము నడుమ లేచి, “అవధానిగారూ, మీ ఊరిలో వంకాయ ధర యెంత?” అని యడుగువాడు. పాత్రధారణ క్రీడలోని పట్టికలలో దారిలో హఠాత్తుగా నెదురుపడు దొంగకును, వానకును, తప్పిపోయిన మేకపిల్లకును ఉన్న యుద్యోగ మీతని యుద్యోగమే. ఒక భేదము మాత్రము కలదు: పృచ్ఛకుడు ఆలోచించి యిచ్చును, పాచిక యాలోచింపదు. కాని అవధానికి ఆ పదములు ముందు తెలియవు గనుక, ఆయనకు పృచ్ఛకుడును పాచికయే. యాదృచ్ఛికత యనునది వస్తువులోని గుణము కాదు, చూచువాని జ్ఞానమునకు వస్తువునకును గల దూరము.

మనస్సు ఇట్లు దారి తప్పింపబడినగాని కొత్తచోటికి ఏల పోజాలదు? థామస్ వార్డ్ అను మనశ్శాస్త్రజ్ఞుడు 1994లో ప్రకటించిన పరిశోధనలో కళాశాల విద్యార్థులను వేరొక గ్రహముమీది జంతువును ఊహించి గీయుడని కోరెను. పూర్ణస్వాతంత్ర్యము, అడ్డెవ్వరును లేరు. ఐనను వారిలో అత్యధికులు గీసిన జంతువులకు కుడియెడమలు సమముగా నున్నవి, కన్నులున్నవి, కాళ్ళున్నవి. కోట్ల మైళ్ళ దూరముననున్న గ్రహముమీదను మన వీథిలోని కుక్కకే కొంచెము రంగు పూసి నిలిపిరన్నమాట. స్వేచ్ఛ నిచ్చినచో మనస్సు అరిగిన బండిగాడిలోనే నడచును. మా గుహలలోని రాక్షసుని జన్మరహస్యమిదే.

దీనికి జోడుగా రోనాల్డ్ ఫింకే చేసిన ప్రయోగములు, 1990లో గ్రంథరూపమున వచ్చినవి, నాకు మిక్కిలి యిష్టమైనవి. గోళము, ఘనము, శంకువు, కొక్కెము, తీగె, చక్రములు మున్నగు పదునైదు సామాన్య రూపములలో మూటిని యాదృచ్ఛికముగ నెంచి యిచ్చి, కన్నులు మూసికొని వానిని కలిపి ఏదైన నుపయుక్త వస్తువును కల్పింపుమనెను. రూపములను గాని, వస్తువు ఏ తరగతిదో (కుర్చీబల్లలా, ఆటవస్తువా, ఆయుధమా అనునది) గాని తమంతట తామే యెంచుకొన్నవారికంటె, రెండును యాదృచ్ఛికముగ నీయబడినవారు ఎక్కువ కొత్తదనముగల వస్తువులను కల్పించిరి. అంతకంటె వింత యేమనగా, ప్రయోజన మేదో తెలియకముందే మొదట రూపమును కూర్చి, పిదప తరగతిని చీటిలో నందుకొన్నవారు వారినిగూడ మించిరి. కథ యేదో తెలియకముందే లాంతర్లు రెండు చేతికి వచ్చినవారు మావాండ్రు. ఫింకే చెప్పినదానికి మా యరుగు సాక్ష్యము కాజాలదు గాని, పోలిక మాత్రము దాగదు.

తునుకలను అతుకు జిగురో, అది మనలో పుట్టుకతోడనే యున్నట్లున్నది. ఫ్రిట్జ్ హైడర్, మేరియన్ సిమ్మెల్ అనువారు 1944లో ఒక చిన్న చలనచిత్రమును ప్రకటించిరి: అందు పెద్ద త్రిభుజ మొకటి, చిన్న త్రిభుజ మొకటి, ఒక బిళ్ళ, తలుపుగల యొక దీర్ఘచతురస్రము, అవి కదలుట తప్ప మరేమియు లేదు. దానిని చూచి చూచినది చెప్పుడనగా, ముప్పదినలుగురిలో ఒక్కరు మాత్రమే జ్యామితి భాషలో చెప్పిరి. తక్కినవారందరు ప్రాణులను చూచిరి, వాని కోపతాపములను చెప్పిరి. త్రిభుజములలో పగను చూడగల మనస్సు, జమాఖర్చులో లాంతరును చూచి ఊరకుండునా? చినిగిన యంచున కలుగు దురదకు గూడ శాస్త్రము పేరు పెట్టినది: 1994లో జార్జ్ లోవెన్‌స్టైన్ అను పండితుడు కుతూహలమనునది తెలిసినదానికిని తెలియదలచినదానికిని నడుమ నేర్పడిన ఖాళీ పెట్టు బాధ యని ప్రతిపాదించెను. ఏమియు తెలియనివానికి ఖాళీ లేదు. అంతయు తెలిసినవానికిని లేదు. “దీపం రెండుసార్లు వెలిగి” అన్నచోట కాగితము చినుగుటలోనే కిటుకంతయు నున్నది. ఆ వాక్యము పూర్తియైయున్నచో పొట్లమును పారవేసియుందును.

అట్లని ఎంత యసంబద్ధమైన నంత మంచిదనుకొనరాదు. ఇక్కడ క్లాడ్ షానన్‌ను తలచుకొనక తప్పదు. 1948లో సమాచార సిద్ధాంతమును స్థాపించిన తన వ్యాసములో ఆయన చేసిన చమత్కార మొకటి కలదు: పుస్తకమును ఎక్కడనో తెరచి ఒక మాటను పట్టి, వేరొకచోట తెరచి ఆ మాట మరల కనబడువరకు చదివి, దాని తరువాతి మాటను వ్రాసికొని, ఆ మాటతో మరల వేరొక పుటకు పోవుట. ఇట్లు కూర్చిన పంక్తి అర్థవంతము కాదు గాని, అర్థమగుచున్నట్లు భ్రమింపజేయును. మాటలను ఏ వరుసయు లేక ఎత్తి పేర్చినప్పు డా భ్రమ కలుగదు. 1920లో ట్రిస్టన్ జారా అను కవి వార్తాపత్రికను మాటలు మాటలుగా కత్తిరించి సంచిలో కుదిపి తీసిన వరుసయే కవిత్వమనెను. తమాషాకు బాగున్నది, కథకు పనికిరాదు. విడిమాట మరీ చిన్నది, పూర్తిపుట మరీ పెద్దది. ఒక క్రియయు ఒక వస్తువును మిగిలి, కర్త చినిగిపోయిన తునుకయే కథకు తగిన పాళమని నేను మూడు నెలల పొట్లములు విప్పి తేల్చుకొన్న విషయము.

కాగితము దొరికినది సరే, ఏది యెప్పుడు కథలో దిగవలెనో నిర్ణయించునది పాచిక గదా. ఇరువది ముఖముల పాచిక మావద్ద లేకపోగా, పిల్లలు అష్టాచెమ్మా పిక్కలను తెచ్చిరి: ఒకవైపు అరగదీసి తెలుపు చేసిన చింతపిక్కలు నాలుగు. ఇది పాచికకంటె మేలైన సాధనమని నా వాదము. ఏలనగా, పాచికకు ముఖములన్నియు సమానము. ఇరువదింటిలో ఏది పడుటకైనను అవకాశ మొక్కటే. నాలుగు పిక్కలు పడుటకు పదునారు తీరులున్నవి. అందు నాలుగును తెల్లగా పడి చెమ్మా యగు తీరు ఒక్కటే, నాలుగును నల్లగా పడి అష్టా యగు తీరును ఒక్కటే. ఒకటి తెలుపగుటకు నాలుగు, మూడు తెలుపగుటకు నాలుగు, రెండు తెలుపగుటకు ఆరు. కావున రెండు పడినప్పుడు వాన, ఆకలి, పడవలో చమురు అయిపోవుట వంటి నిత్యసంఘటనలును, ఒకటి మూడు పడినప్పుడు కొత్తమనిషి రాకయు, అష్టాచెమ్మాలకు మాత్రము పొట్లపు కాగితమును ఏర్పరచితిమి. షానన్ లెక్కలో ఆశ్చర్యమును గూడ ‘బిట్లు’ అను కొలతతో కొలువవచ్చును: రెండు పడుట తెచ్చు వార్త దాదాపు 1.4 బిట్లు, అష్టా తెచ్చునది 4 బిట్లు. అరగదీసిన పిక్క రెండువైపుల నొక్కతీరుగా నుండదు గనుక ఈ యంకెలు అటునిటు కదలును. అనుమానమున్నవారు నూరుసార్లు వేసి లెక్క వ్రాసికొనవచ్చును, పిల్లలకు సంభావ్యతాశాస్త్రములో అది మంచి పాఠము. మేము పోగుచేసినవి దాచు డబ్బాలో పదునారు కాగితములుండి, తీసినదానిని తిరిగి వేయనియెడల, మొదటి మూడు కాగితములు వచ్చు వరుసలే 3360. మా సూత్రధారిణి ఇంజనీరింగు ముగించువరకు సరిపోవును.

ఒక పొరపాటును చెప్పి తీరవలెను, అది నాదే. ఒకనాడు పిల్లలమీది జాలిచేత, డబ్బాలోని కాగితములన్నిటిని పరచి, “మీకు నచ్చినది ఏరుకొనుడు” అంటిని. వారు ఏరుకొన్నవి మూడు: ఒకదానిలో నిధి, ఒకదానిలో కత్తి, ఒకదానిలో ‘భయంకరమైన’ అను విశేషణము. అరగంట గడవకముందే కథ గుహలోనికి పోయినది, గుహలో రాక్షసుడు సిద్ధముగా నున్నాడు. తునుకకు శక్తి దాని వింతదనమువలన వచ్చునని అంతవరకు నేననుకొనుచుంటిని. అది త్రోసివేయరాని దగుటవలన వచ్చునని ఆనాడు తెలిసినది. అవధాని “ఈ పదము వలదు, వేరొకటి యిండు” అన్న క్షణమున సభ ముగిసినట్లే. బొత్తిగా పనికిరాదనిపించిన అరమార్కు జవాబులోని నూనెయే గదా మా కథలో ఓడ జాడ చెప్పినది! వచ్చిన కాగితమును మార్చరాదు, మరియొకసారి పిక్కలు వేయరాదు, నవ్వి ప్రక్కన పెట్టరాదు. ఈ యొక్క కట్టుబాటు లేనియెడల అమెరికా పట్టికలైనను, మా ముసలమ్మ పొట్లములైనను వట్టి చిత్తుకాగితములే.

ఈ యాట నాడదలచిన పాఠకులకు ఒక హెచ్చరిక. అచ్చుసిరాలోని హానికరమైన రసాయనములు ఆహారములోనికి దిగునని భారత ఆహార భద్రతా ప్రమాణాల ప్రాధికార సంస్థ 2016లోనే హెచ్చరించినది. 2018 నాటి నిబంధనలు వార్తాపత్రికలలో తినుబండారములు చుట్టుటను నిషేధించినవి కూడను. వేడి బజ్జీల నూనెయు, మురీ మిక్చరులోని నిమ్మరసమును సిరాను మరింత త్వరగా పీల్చుకొనును. కావున బజ్జీలవారిని, మిక్చరువారిని ఆకులో నిమ్మని యడుగుడు. పైతోలు ఒలిచి పారవేసి తినెడి వేరుశెనగకాయలకైనను ఇంటినుండి గుడ్డసంచి పట్టుకొనిపోయి, అందు పోయించుకొని, ఖాళీ కాగితమును వేరుగా నడుగుడు. మా ముసలమ్మ మొదట విచిత్రముగా చూచినది, ఇప్పుడు తానే కొన్నిటిని తీసియుంచుచున్నది. మొన్న నిచ్చినదానిలో, “అని చెప్పి, మూడో మెట్టు మీద కూర్చుని” అని యున్నది. ఎవరో, ఏమని చెప్పిరో మాకింకను తెలియదు. శనివారము సాయంకాలము అరుగుమీద తేలును.